చేపల పేర్లు పెడితే సరిపోదు

విశాఖ జాలరిపేటలో ఆరో తరగతి చదివే పిల్ల ఇంగ్లీషు వాచకంలో ఏ ఖాళీలు పూరిస్తుందో, చిత్తూరు జిల్లా పిల్లా అవే పూరిస్తుంది. రాష్ట్రమంతటికీ ఒకేసారి అచ్చయ్యే పుస్తకం అంతకన్నా ఏం చేయగలదు? తన తరగతికి కావలసిన అభ్యాసాలు టీచరే రాసుకోవడం మంచిదన్నది పాత మాటే. ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసమే 1958లో హైదరాబాదులో ఒక సంస్థ పెట్టారు, నేటి ఇఫ్లూ అదే. అయినా రాయడం చేతకాక కాదు, తీరిక లేకే చాలామంది టీచర్లు గైడు మీద ఆధారపడతారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది, తర్వాత జెమినీలాంటివీ ఫోన్లోకి దిగాయి. గంట పట్టే పని ఇప్పుడు నిమిషంలో అవుతోంది.

అయితే అడిగే తీరును బట్టే వచ్చేది ఉంటుంది. “ఆరో తరగతికి ఇంగ్లీషు వర్క్‌షీటు ఇవ్వు” అంటే ఏ పార్కులోనో పిక్నిక్ గురించి పది ప్రశ్నలు రావచ్చు. ఏఐ చదివిన రాతల్లో ఇంగ్లీషువే ఎక్కువ. ఒక మాట వెనక ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో చూసుకుంటూ అది వాక్యం అల్లుతుంది కాబట్టి, మనం ఏమీ చెప్పకపోతే నలుగురూ నడిచిన దారే పడుతుంది.

సరే, ఫిషింగ్ హార్బరు గురించి రాయమందాం. తెల్లవారుజామున మరబోట్లు రావడం, జెట్టీ మీద వేలం, గంపలతో ఆడవాళ్లు బయల్దేరడం, అన్నీ చక్కగా రాస్తుంది. మధ్యలో ఏ సాల్మన్ చేపనో బంగాళాఖాతంలోకి వదిలినా వదులుతుంది. వంజరాన్ని సీర్ ఫిష్ అనాలనీ, కానాగడత అంటే మాకెరల్ అనీ, చందువా అంటే పాంఫ్రెట్ అనీ మనమే ముందు చెప్పడం మేలు. (ఏఐ కేంద్రానికి అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది ఈ విశాఖకే. అంతమాత్రాన జాలరిపేట చేపలు ఏఐకి తెలిసిపోవు.)

అసలు చిక్కు చేపలతో కాదు. జాలరిపేట పిల్లలకి రోజూ చేపల పాఠమే పెడితే వాళ్లకీ విసుగే. వాళ్లూ క్రికెట్ చూస్తారు, సినిమాలు చూస్తారు. ఒక తరగతికి అమరిన అభ్యాసం అంటే ఆ తరగతి చేసే తప్పు చుట్టూ కట్టింది. ఆ తప్పు పిల్లల నోటుబుక్కుల్లో ఉంటుంది, వాటిని దిద్దేది టీచరు. ‘అయిదేళ్ల నుంచి’ అన్న అలవాటుతో పిల్లలు ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తున్నారనుకోండి. అప్పుడు తెలుగులోనే ఇలా అడగవచ్చు: “తెలుగు మాట్లాడే ఆరో తరగతి పిల్లలు ఫర్ రాయాల్సిన చోట సిన్స్ రాస్తున్నారు. ఈ రెండిటి మీదా ఎనిమిది వాక్యాలు రాయి. నేనిచ్చిన పాఠంలోని మాటలే వాడు. జవాబులు విడిగా ఇవ్వు.” పాఠాన్ని కింద అతికించాలి. ఇంత చెప్పినా ‘వెసెల్’, ‘డాన్’ లాంటి పిల్లలకు రాని మాటలు దొర్లవచ్చు. అవి మనం కొట్టేసుకోవాలి.

ఇక జవాబుల పట్టిక. దాన్ని చూడకుండా నమ్మితే దెబ్బ తినేది ఇక్కడే. ఇలాంటి ప్రశ్న ఒకటి వచ్చిందనుకుందాం: “మై ఫాదర్ ____ టు సీ ఎవ్రీ నైట్.” ఎంచుకోవాల్సినవి గో, గోస్, వెంట్, గోయింగ్. పట్టికలో జవాబు గోస్. ఒక పిల్లాడు వెంట్ రాశాడు. తప్పు కొట్టగలమా? “మా నాన్న రోజూ రాత్రి వేటకెళ్లేవాడు” అన్నదీ నిఖార్సయిన వాక్యమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. ఆ రోజుల్లో అడిగితే వాడు రాసిందే నిజానికి దగ్గర. ‘ఎవ్రీ నైట్’ ఉంది కదా అని ఏఐ సరిపెట్టుకుంది. దాని బదులు ‘లాస్ట్ నైట్’ పెడితే వెంట్ తప్ప మరొకటి కుదరదు. గోస్ కావాలంటే వాక్యం చివర ‘దీజ్ డేస్’ అని తగిలించాలి. “ఏ ప్రశ్నకైనా రెండో జవాబు కుదురుతుందా చూడు” అని ఏఐనే అడగవచ్చు. కొన్ని పట్టుకుంటుంది, కొన్ని వదిలేస్తుంది. పెన్ను పట్టుకుని మనం ఒకసారి అన్నీ పూరించి చూస్తే మిగతావి బయటపడతాయి.

పిల్లల పేర్లూ మార్కులూ ఏఐలో పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. నోటుబుక్కు ఫొటో తీసి ఎక్కించే బదులు తప్పు వాక్యాన్ని మాత్రం టైపు చేస్తే పని జరిగిపోతుంది.

ఇందుకు పిల్లల చేతికి ఫోనివ్వక్కర్లేదు. టీచరు దగ్గర ఒకటుంటే చాలు, ఎనిమిది వాక్యాలు బోర్డు మీద రాసేయవచ్చు. నోటుబుక్కులు దిద్దాక ఎక్కువమంది పడిన రెండు, మూడు చోట్లు ఏఐకి చెప్పి మర్నాటికి వాటి మీదే నాలుగు వాక్యాలు అడగాలి. ఈసారి క్రికెట్ మీద అడిగినా ఫర్వాలేదు.