ఆపద వేళ జీవిత భాగస్వామి వీసా: అడిగే పద్ధతి ఇదీ

నిఖా అయి ఏడాది దాటినా అమ్మాయి ఇంకా పుట్టింట్లోనే ఉందన్న మాట మన కుటుంబాలకు కొత్తది కాదు. అబ్బాయి అమెరికాలో ఉంటే ఈ ఎదురుచూపు మరింత దీర్ఘమవుతుంది. ఓపిక పట్టడం అలవాటైన ఇల్లు కూడా, ఒకరోజు అక్కడి నుంచి 'గుండె ఆపరేషన్ చేయాలంటున్నారు' అనో, 'క్యాన్సర్ అని తేలింది' అనో కబురు రాగానే తల్లడిల్లిపోతుంది. అక్కడ మంచం పక్కన కూర్చుని మందు అందించే మనిషి లేరు. అందించవలసిన మనిషి ఇక్కడ గుంటూరులోనో, కర్నూలులోనో, నిజామాబాద్‌లోనో పాస్‌పోర్టు పట్టుకుని ఎదురు చూస్తూ ఉంటుంది. భార్య అక్కడ, భర్త ఇక్కడ ఉన్న ఇళ్లలోనూ బాధ ఇదే, నియమాలూ ఇవే.

ఇలాంటి ఆపదలో మన దరఖాస్తును వరుస కంటే ముందుగా పరిశీలించమని అడిగే అవకాశం అమెరికా వలస విధానంలో ఉంది. దీన్ని 'ఎక్స్‌పిడైట్' విజ్ఞప్తి అంటారు. దీనికి ప్రత్యేక రుసుమేమీ లేదు. అయితే అడిగిన ప్రతివారికీ ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. అది పూర్తిగా అధికారి విచక్షణ. ఆ అధికారి మన మొహం చూడడు, మన గోడు వినడు. మనం పంపిన కాగితాలు మాత్రమే చూస్తాడు. కనుక ఏ కాగితం, ఎవరికి, ఎలా పంపాలన్నది తెలుసుకోవడం అవసరం.

గల్ఫ్ పద్ధతి వేరు

మనలో చాలామందికి గల్ఫ్ దేశాల పద్ధతి తెలుసు. అక్కడ ఇఖామా ఉన్న ఉద్యోగి, తన వృత్తి, జీతం నిబంధనలకు సరిపోతే కుటుంబాన్ని పిలిపించుకుంటాడు. అమెరికా దారి అలాంటిది కాదు. అక్కడి భర్త ముందుగా ఐ-130 అనే పిటిషన్‌ను పౌరసత్వ, వలస సేవల శాఖకు సమర్పించాలి. అది ఆమోదం పొందాక ఫైలు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న జాతీయ వీసా కేంద్రానికి వెళుతుంది. రుసుములు, పత్రాలు అన్నీ అక్కడ సరిచూశాక ఇంటర్వ్యూ. మన తెలుగువారి వలస వీసా ఇంటర్వ్యూలు సాధారణంగా ముంబై కాన్సులేట్‌లోనే జరుగుతాయి. ఫైలు నంబరు మొదట ఉండే 'బి.ఎం.బి.' అనే మూడక్షరాలు ఆ నగరం పాత పేరు బొంబాయిని సూచిస్తాయి. హైదరాబాద్‌లో కాన్సులేట్ 2008లోనే వచ్చింది కదా అని అక్కడికి పరుగెత్తితే ప్రయోజనం ఉండదు.

ఫైలు ఏ మెట్టు మీద ఉంటే విజ్ఞప్తి అక్కడికే చేరాలి. పిటిషన్ ఇంకా వలస సేవల శాఖ దగ్గరే ఉంటే, మూడక్షరాలు, పది అంకెలు గల రసీదు నంబరు చెప్పి, పిటిషన్ వేసిన వ్యక్తి ఆ శాఖ ఫోన్ కేంద్రం ద్వారా అడగాలి. వీసా కేంద్రంలో ఉంటే డాక్టరు ఉత్తరాన్ని స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపాలి. వీసా కేంద్రం దాన్ని కాన్సులేట్‌కు పంపుతుంది, నిర్ణయం కాన్సులేట్‌ది. ఒక మెట్టు దగ్గర అంగీకరించారంటే తరువాతి మెట్టు కూడా అంగీకరించినట్టు కాదు. అక్కడ మళ్లీ అడగవలసిందే.

డాక్టరు ఉత్తరంలో ఏముండాలి?

అసలు బలం ఈ ఉత్తరంలోనే ఉంది. 'ఈయన మా వద్ద చికిత్స పొందుతున్నారు' అని రెండు వాక్యాలు రాయించుకుని పంపేవారున్నారు. అది చాలదు. ఉత్తరం ఆస్పత్రి ముద్రిత కాగితం మీద ఉండాలి. డాక్టరు పేరు, ఫోన్ నంబరు, చిరునామా ఉండాలి. వ్యాధి ఏమిటి, ఎంత తీవ్రం, చికిత్స ఏ తేదీన, కోలుకోవడానికి ఎంత కాలం పడుతుంది అన్నవి స్పష్టంగా రాయాలి. వీసా కేంద్రానికి పంపే ఉత్తరంలో ఇది ప్రాణాపాయ పరిస్థితి అని డాక్టరు ప్రకటించి ఉండాలి.

వీటితో పాటు చాలామంది మరిచిపోయేది మరొకటుంది. జీవిత భాగస్వామి రావడం ఎందుకు అవసరమో చెప్పాలి. రోగిని లేపి కూర్చోబెట్టడానికి, ఆస్పత్రికి తీసుకువెళ్లడానికి, చిన్నపిల్లలను చూసుకోవడానికి ఇంట్లో మరెవరూ లేరన్న సంగతి ఆధారాలతో సహా ఉంటే విజ్ఞప్తికి బలం చేకూరుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయించాలి. జబ్బును పెంచి రాయిస్తే, అధికారులు ఆస్పత్రికి ఫోన్ చేసినప్పుడు మొత్తం ఫైలే అనుమానంలో పడుతుంది.

భర్త ఉండే ప్రాంతపు అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యుని కార్యాలయం కూడా ఇలాంటి కేసుల్లో విచారణ చేస్తుంది. దానికి ఒక సమ్మతి పత్రం మీద సంతకం చేసి ఇవ్వాలి. వారు ఆదేశించలేరు, మన మాట చేరవేయగలరు.

నిఖా పత్రాలు

ఫైలు ముందుకు జరిగినా పత్రాలు సిద్ధంగా లేక ఆగిపోతే ఆ తొందరకు అర్థం ఉండదు. ఖాజీ గారు ఇచ్చిన నిఖానామా ఉర్దూలో ఉంటే పూర్తి ఆంగ్ల అనువాదం, అనువాదకుని ధ్రువీకరణతో సహా జత చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఆ రిజిస్ట్రేషన్ పత్రం కూడా చేతిలో ఉండడం మేలు.

ఫోన్ మీద నిఖా చేసుకున్నవారు మరింత జాగ్రత్త పడాలి. వధూవరులు ఒకరి సమక్షంలో ఒకరు లేకుండా జరిగిన వివాహాన్ని, ఆ తరువాత వారు కలిసి కాపురం చేస్తే తప్ప, అమెరికా వలస చట్టం గుర్తించదు. నిఖా తరువాత భర్త వచ్చి వెళ్లినట్టు పాస్‌పోర్టు ముద్రలు, టికెట్లు, ఫోటోలు భద్రపరచుకోవాలి.

గల్ఫ్‌లో ఏడాది లేక అంతకు మించి ఉండి వచ్చినవారికి అక్కడి పోలీసు సర్టిఫికెట్ కూడా కావాలి. ఇది తెప్పించుకోవడానికి సమయం పడుతుంది కనుక ముందే ప్రయత్నించాలి.

జబ్బుతో జీతం ఆగితే?

భార్యను పోషించగలనని భర్త ఐ-864 అనే హామీపత్రం ఇవ్వాలి. సాధారణంగా అక్కడి దారిద్ర్యరేఖ ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపాలి. జబ్బు పడి ఉద్యోగం మానిన మనిషి ఆ లెక్క చూపలేకపోవచ్చు. అలాంటప్పుడు అమెరికాలో నివసించే పౌరుడు లేదా గ్రీన్‌కార్డుదారు ఒకరు ఉమ్మడి హామీదారుగా నిలబడవచ్చు. బంధువే కానక్కరలేదు, స్నేహితుడైనా చాలు. ఆ సంతకం చట్టరీత్యా బాధ్యత కనుక అడిగేటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

తొందర తెచ్చిపెట్టే తప్పులు

భర్త అమెరికా పౌరుడైతే భార్య వీసాకు సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే కోటా వరుస ఉంటుంది. ఆ వరుసను ఏ వైద్య పత్రమూ దాటించలేదు. పౌరసత్వానికి అర్హత వచ్చినవారు వెంటనే దరఖాస్తు చేసుకోవడమే దానికి మార్గం. డబ్బు కడితే త్వరగా చూసే 'ప్రీమియం' పద్ధతి ఐ-130కి లేదు. అది చేయిస్తామనే ఏజెంటును నమ్మవద్దు.

పర్యాటక వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోదామన్న సలహా కూడా వినబడుతుంది. వలస పిటిషన్ నడుస్తున్నవారికి పర్యాటక వీసా దొరకడమే కష్టం. పెళ్లి దాచి అబద్ధం చెబితే శాశ్వతంగా ప్రవేశ నిషేధం పడవచ్చు.

చెప్పడానికి మనసు రాని మాట ఒకటి. పౌరుడైన భర్త మరణించినా భార్య దరఖాస్తు ముగిసిపోయినట్టు కాదు. 2009లో వచ్చిన సవరణతో, పెళ్లయి రెండేళ్లు నిండకపోయినా, ఆమె మళ్లీ వివాహం చేసుకోనంతవరకు వితంతువుగా ఆ పిటిషన్ కొనసాగుతుంది. చాలామంది ఇది తెలియక దుఃఖంలో ఆశ వదులుకుంటారు.

విజ్ఞప్తిని తిరస్కరిస్తే అప్పీలు లేదు. కాని పరిస్థితి మారినప్పుడు కొత్త వైద్య ఆధారాలతో మళ్లీ అడగవచ్చు. అబ్బాయి అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ రసీదు నంబరు, నిఖానామా అనువాదం, పోలీసు సర్టిఫికెట్లు, ఉమ్మడి హామీదారు పేరు ఒకే ఫైలులో పెట్టుకుని, అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసేలా చూసుకోవాలి. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిన రాత్రి వాటిని వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.