నీవు లేని రోజున నీ పని నిలుచునా?



మన చిలమత్తూరు ప్రాంతపు యవనస్థులు అనేకులు నేడు సేద్యము విడిచి ఉద్యోగములకు వెళ్తున్నారు. కొందరు హిందూపురం వైపు ఫ్యాక్టరీలకు, కొందరు బెంగళూరుకు వెళ్తున్నారు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైన తరువాత కొందరు అటువైపు వెళ్తున్నారు. వారిలో సూపర్‌వైజర్లు, టీమ్ లీడర్లు అయినవారూ ఉన్నారు. సంవత్సరాంతమున పైఅధికారి వారిని అడిగే ప్రశ్న ఒక్కటే: "నిన్ను నాయకునిగా పెట్టినందువలన ఏమి లాభము కలిగినది?" ఈ ప్రశ్నకు కొందరు గొప్పలు చెప్పుకుంటారు. నిజముగా కష్టపడినవారు అనేకసార్లు మౌనముగా ఉండిపోతారు. ఈ రెండును సరి కాదు. నాయకత్వమును కొలువవచ్చు. ఎలాగో మూడు సంగతులు గమనిద్దాము.

మొదటిది, ప్రారంభమునకు ముందు స్థితిని వ్రాసి పెట్టుకోవాలి. నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి మూడు దినములైన తరువాత, రాత్రివేళ లేచి, కూలిన గోడను, కాలిన గుమ్మములను తానే స్వయముగా చూచెను. ఆ తరువాతే జనులను పనికి పిలిచెను. అందుకే 52 దినములలో గోడ ముగిసినప్పుడు, ఎక్కడనుండి ఎక్కడికి వచ్చామో అందరికీ తెలిసినది. నీకు బాధ్యత అప్పగించిన రోజున నీ విభాగములో ఎంత సరుకు పాడవుచున్నది, ఎందరు పని మానివేయుచున్నారు, ఎందరికి దెబ్బలు తగులుచున్నవి? ఇది వ్రాసుకోనివాడు ఏడాది తరువాత దేనితో పోల్చి చెప్పగలడు?

రెండవది, నీది కానిదానిని నీ లెక్కలో వేసుకొనవద్దు. వాన బాగా పడిన ఏట వేరుశనగ అందరికీ పండుతుంది. అది నీ తెలివి కాదు. పక్క చేనిలో పది మూటలు, నీ చేనిలో పన్నెండు మూటలు అయితే, ఆ రెండు మూటల విషయమే మాట్లాడాలి. ఫ్యాక్టరీలో కూడా అంతే. ఉదాహరణకు, నూరు వస్తువులలో ఆరు పాడయ్యేవి, ఇప్పుడు మూడే పాడవుచున్నవి అనుకొనుము. కొత్త మిషను వచ్చిన పక్క లైనులో కూడా ఆరు నాలుగైనవి. నీ లైనుకూ అదే మిషను వచ్చినది. అప్పుడు ఆ రెండు మిషను చేసినది, మిగిలిన ఒక్కటే నీవును నీ జట్టును చేసినది. ఒక్కటే అని సిగ్గుపడనక్కరలేదు. నిజమైన ఒకటి అబద్ధపు మూడుకంటె గట్టిది. ఆ ఒకటిలో ఎవరి చెయ్యి ఉన్నదో వారి పేరు కూడా చెప్పాలి. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చూడండి. ఎవరు ఏ భాగము కట్టారో పేర్లతో వ్రాయబడి ఉన్నది.

మూడవది, నీవు లేనప్పుడు ఏమి జరుగుతున్నదో చూడాలి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే ఎక్కి, పెనుకొండ దాటి వెళితే చెన్నేకొత్తపల్లి వస్తుంది. 1990లో అక్కడ టింబక్టు కలెక్టివ్ వారు 32 ఎకరముల బీడు భూమితో పని ప్రారంభించారు. తరువాత చుట్టుపక్కల గ్రామస్థులతో కలిసి కల్పవల్లి అనే చోట బోడి కొండలను కాపాడసాగారు. వేసవిలో మంటలు రాకుండా కావలి కాయడము అందులో ముఖ్యమైన పని. నేల కాలకపోతే గడ్డి నిలుస్తుంది, గడ్డి నిలిస్తే వాన నీరు మట్టిని కోసుకొని పోక నేలలో ఇంకుతుంది. ఆ విధముగా ఏడు వేల ఎకరములకు పైగా పచ్చబడినవి. గొర్రెలకు మేత, బుట్టలల్లేవారికి ఈతాకు దొరికినవి. ఒక్కడు అన్ని కొండలకు కావలి కాయగలడా? గ్రామస్థులు అది తమ పని అనుకున్నారు కాబట్టే అది నిలిచినది. 1969లో అనంతపురమునకు వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థ స్థాపించిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 2009లో మరణించారు. ఆయన మరణముతో ఆ పని ఆగిపోలేదు. నీవు పది రోజులు సెలవు పెట్టినప్పుడు నీ విభాగము తడబడితే, నీవు పని చేశావు గాని మనుష్యులను సిద్ధపరచలేదు.

ప్రియులారా, ఒక హెచ్చరిక. ఉత్పత్తి పెరిగినది, కాని దానికొరకు మనుష్యులకు నిద్ర లేదు, దెబ్బలు పెరిగినవి, మంచి పనివారు వెళ్లిపోయారు అనుకొనుము. అది నీవు చేర్చిన విలువ కాదు. అది వారి ఒంటినుండి తీసి కంపెనీ లెక్కలో వేసినదే. అందుచేత లాభము ప్రక్కన ఈ నష్టమును కూడా వ్రాయుము. అట్టి లెక్క పట్టుకొని అధికారి యెదుట నిలువబడు సహోదరుడు, సహోదరి తల వంచనక్కరలేదు.

మీకు అప్పగింపబడిన మనుష్యుల విషయములో నమ్మకముగా ఉండు కృప ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.