ఉద్యోగం వదలకుండా డిగ్రీ: ఆరోగ్య సిబ్బందికి దారేది?

అద్దంకి: మిరప తోటలో పాము కరిచినా, పత్తి చేలో మందు కొడుతూ కూలీ సొమ్మసిల్లి పడిపోయినా, నార్కెట్‌పల్లి రోడ్డు మీద లారీ బోల్తా పడినా డాక్టరు కంటే ముందు రోగి చెయ్యి పట్టుకునేది పారా మెడికల్ సిబ్బందే. 108 బండిలో వచ్చే టెక్నీషియన్, రక్తం పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసే మనిషి అందరూ ఈ కోవలోని వారే. వీరితో పాటు ఆసుపత్రిలో నర్సులు, పల్లెల్లో ఏఎన్ఎంలు ఉండనే ఉన్నారు. ఇంటరు తర్వాత డిప్లొమాతోనో, సర్టిఫికెట్టుతోనో కొలువులో చేరి, సంసారం బరువు మీద పడి, డిగ్రీ ఆశ మధ్యలోనే వదులుకున్న వారు వీరిలో ఎందరో.

నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తి చేసిన ఎర్రన, అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి కొలువులోని కవి. మధ్యలో ఆగిన పనిని పూర్తి చేయడం ఈ ఊరికి కొత్త కాదు. మరి పగలు ఆసుపత్రిలో పని చేస్తూ, రాత్రి ఇంట్లో పాఠాలు చదువుకుని ఆరోగ్య శాస్త్రంలో డిగ్రీ పొందవచ్చునా? కొందరికి వీలుంది, చాలామందికి లేదు. ఈ తేడా తెలియక ఫీజు కట్టిన వారికి డబ్బుతో పాటు ఏళ్లు కూడా నష్టమే.

సార్వత్రిక విద్యకు తెలుగునాడే ఆది

బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. మన దేశంలో అటువంటి మొట్టమొదటి విశ్వవిద్యాలయం ఆంధ్ర ప్రదేశ్‌లోనే పుట్టింది. 1982 ఆగస్టులో ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్నది. బడికి సరిగా వెళ్లని వారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశాన్ని అది కల్పించింది. దాని తొలి వైస్ చాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో కేంద్రం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు దానికీ తొలి వైస్ చాన్సలర్ ఆయనే. అందరూ ఇగ్నో అని పిలిచేది దీనినే.

ఆ పద్ధతిలో బి.ఏ., బి.కాం. చదివి ఉద్యోగాలు పొందిన వారు పల్లెల్లో సైతం కనిపిస్తారు. వారిని చూసి ఆరోగ్య శాస్త్రం డిగ్రీ కూడా అలాగే వస్తుందనుకోవడం సహజం. చిక్కంతా అక్కడే ఉంది.

చేతి పని పోస్టులో రాదు

చరిత్ర పాఠం పుస్తకంలో చదివితే చాలు. నరం దొరకబుచ్చుకుని సూది గుచ్చడం పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. పాము కరిచిన చోట బిగించి కట్టు కట్టరాదని చదవడం వేరు. భయంతో వణికిపోతున్న మనిషిని పడుకోబెట్టి, కాలు కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి చేర్చడం వేరు. పురుగు మందు సోకిన వ్యక్తి కంటిపాపలు చిన్నవయ్యాయా, నోట చొంగ కారుతోందా అని చూడడం, తడిసిన బట్టలు విప్పి ఒళ్లు కడగడం, ఊపిరి ఆగకుండా కాపాడడం పెద్దల దగ్గర నిలబడి నేర్చుకోవలసిన పనులు.

అందుకే వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, పారా మెడికల్ వంటి చదువులను యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2020 నిబంధనల్లో దూరవిద్యకు దూరంగా ఉంచింది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తిలో ఉండాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు కావాలి. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలోనూ, ఆన్‌లైన్‌లోనూ నడపరాదని కమిషన్ ఆదేశించింది. మనస్తత్వ శాస్త్రం, పోషకాహారం వంటివి కూడా ఇందులోకి వచ్చాయి.

నర్సులకు ఒక దారి

పనిలో ఉన్న నర్సుల విషయంలో మాత్రం ఒక దారి చాలాకాలంగా ఉంది. ఇగ్నో 1994లో పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ ప్రారంభించింది. ఇంటరు తర్వాత జీఎన్ఎం పూర్తి చేసి, నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రిజిస్టరై, రెండేళ్లు పనిచేసిన వారికి ఇది ఉద్దేశించినది. పదో తరగతితోనే జీఎన్ఎం చేసిన పాతవారికి ఐదేళ్ల అనుభవం ఉండాలని నియమం. ప్రవేశ పరీక్ష ఉంటుంది. కాలేజీలో రెండేళ్లు పట్టే చదువు ఇక్కడ కనీసం మూడేళ్లు పడుతుంది. పాఠాలు ఇంటి వద్ద చదివినా, నిర్ణీత రోజుల్లో నర్సింగ్ కళాశాలకు, ఆసుపత్రికి వెళ్లి పని చేసి చూపక తప్పదు. ఏటా వచ్చే ప్రకటన చదివిన తర్వాతే దరఖాస్తు చేయడం మంచిది. విజయవాడలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఏఎన్ఎంలకు ఈ డిగ్రీలో నేరుగా ప్రవేశం లేదు. ముందు జీఎన్ఎం పూర్తి చేసుకోవాలి.

ఇటువంటి చదువు వల్ల పల్లెకు మేలు జరుగుతుందా అంటే జరిగింది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉప కేంద్రాలను మెరుగుపరిచే పని మొదలైనప్పుడు, అక్కడ నియమించే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లను తయారు చేయడానికి ఇగ్నో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉపయోగపడింది. అప్పటికే నర్సింగ్ తెలిసిన వారికి పల్లె వైద్యం మీద అదనపు శిక్షణ అది.

ల్యాబ్, 108 సిబ్బంది సంగతి

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఇరవై ఏళ్లుగా ప్రాణాలు కాపాడుతున్న ఆ టెక్నీషియన్ల పనిని 2021 చట్టం ఒక ప్రత్యేక వృత్తిగా గుర్తించింది. అయితే వారికి గానీ, ల్యాబ్, ఎక్స్‌రే సిబ్బందికి గానీ ఇంటి వద్ద చదివే వృత్తి డిగ్రీ లేదు. 1986లో విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో చేరి రోజూ హాజరు కావలసిందే. అంటే జీతం వదులుకోవాలి.

దూరవిద్యలో బి.ఏ., బి.కాం. చేసుకోవచ్చు. ఏదైనా డిగ్రీ చాలునన్న పోటీ పరీక్షలకు అది పనికివస్తుంది. కానీ దానితో ల్యాబ్ డిగ్రీదారు అయిపోరు.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి కొత్తగా పారామెడిక్‌గా నమోదు కావడానికి డిగ్రీ స్థాయి చదువు తప్పనిసరి చేశారు. అప్పటికే నమోదై పనిచేస్తున్న వారిని ఇంటికి పంపలేదు. డిగ్రీ కావాలనుకున్న వారికి పాత చదువును లెక్కలోకి తీసుకుని, మిగిలిన భాగాన్ని ఉద్యోగం చేస్తూనే పూర్తి చేసే కోర్సులు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. చేతి పని ముందే వచ్చిన వారు గనుక ఆ పద్ధతి వారికి సరిపోయింది.

ఫీజు కట్టేముందు

‘హాజరు అవసరం లేదు, ఏడాదిలో పారా మెడికల్ డిగ్రీ’ అనే మాట వింటే అనుమానించాలి. దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చిన కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల కేసులో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, అనుమతి లేని ఆ డిగ్రీలను ఒప్పుకోలేదు. వాటితో ఉద్యోగాలు, ప్రమోషన్లు పొందిన వారికీ దెబ్బ తగిలింది.

* ఆ విశ్వవిద్యాలయానికే కాక, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి గ్రాంట్స్ కమిషన్ అనుమతి ఉన్నదా?
* నర్సింగ్ అయితే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా? చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ ఇస్తారా?
* ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు?
* వేరే రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం పేరు చెప్పి ఇక్కడ సెంటరు పెట్టారా? అటువంటి ఫ్రాంచైజీలకు నిబంధనలు ఒప్పుకోవు.
* పాత తేదీ వేసి సర్టిఫికెట్టు ఇస్తామన్నారా? తీసుకోవడం కూడా నేరమే.

మిర్చి అమ్మిన డబ్బు పిల్లవాడి ఫీజుకు తీసే ముందు ఈ ఐదు ప్రశ్నలకు కాగితం మీద జవాబు అడగడంలో మొహమాటం వద్దు.

నిబంధనలు కఠినంగా ఉండడం రోగికి మంచిదే. అయితే పదేళ్లు, పదిహేనేళ్లు అనుభవం ఉన్న సిబ్బందిని డిప్లొమా దగ్గరే ఆపివేయడం న్యాయం కాదు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో వారాంతపు తరగతులు, అక్కడి ఆసుపత్రుల్లోనే ప్రాక్టికల్స్ ఏర్పాటు చేసి, చేసిన సర్వీసును లెక్కలోకి తీసుకుంటే ఉద్యోగం వదలకుండానే వారి చదువు పూర్తవుతుంది. అందుకు జాతీయ కమిషన్ అనుమతి కావాలి. రాష్ట్ర ప్రభుత్వం, ఆరోగ్య విశ్వవిద్యాలయం ముందు అడుగు వేసి ఆ ప్రతిపాదన పంపవలసి ఉంది.