వేలిముద్ర పడ్డ ప్రోగ్రెస్ కార్డు

బడి పిల్లవాణ్ని ఎట్లా కొలుస్తుంది, ఆ కొలతను ఎవరికి చెబుతుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదాని మీద మన దగ్గర చర్చ చాలా జరిగింది. రెండోదాన్ని పట్టించుకున్నది తక్కువ. దళిత కుటుంబానికి దెబ్బ తగిలేది ఈ రెండో దగ్గరే.

అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలాన్ని తీసుకుందాం. వానను నమ్ముకుని వేరుశెనగ వేసే మెట్ట నేల. హంద్రీ-నీవా నీళ్లు చేరే జీడిపల్లి జలాశయం ఈ మండలంలోనే ఉంది. సెంటు భూమి లేనోళ్లకు ఆ నీళ్లతో ఏం పని? పంట పోయిన ఏడు కూలోళ్లు బెంగళూరు దోవ పడతారు. పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. బడి పంపిన కార్డు అవ్వ చేతికొస్తుంది. ఆమె వేలిముద్ర వేసి పంపిస్తుంది. 'తల్లిదండ్రులకు తెలియజేశాం' అని బడి రికార్డు పూర్తవుతుంది. అవ్వకు తెలిసిందేమిటి?

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. నా కార్డులో ఏముందో నేను చదివి చెబితేనే మా నాయనకు తెలిసేది. ఎవరి గురించి రాశారో వాళ్లే దాన్ని చదివి వినిపించాలి! అక్షరం లేని ఇంట్లో ఇది మామూలే. అక్షరం ఉన్న ఇంటిని మనసులో పెట్టుకుని తయారుచేసిన పద్ధతి ఇది.

మార్కుల్లో దాగిన ఇల్లు

నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో మన రాష్ట్రంలో ఏళ్ల తరబడి నడిచిన నిర్మాణాత్మక పరీక్షను చూడండి. మొత్తం 50 మార్కులు. తరగతిలో పాల్గొనడానికి 10, రాతపనికి 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20. బట్టీ చదువును తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ప్రాజెక్టుకు అట్టలు, రంగులు, చెప్పి చేయించే మనిషి కావాలి. తరగతిలో నోరు విప్పడానికి ధైర్యం కావాలి. వెనక బెంచీలో కూర్చోబెట్టిన మాదిగ పిల్లకు ఆ ధైర్యం ఎవరిచ్చారు? ఇక్కడ మార్కు పడేది పిల్లకు కాదు, ఇంటికి.

ఆ తర్వాత గ్రేడు. 'సి' వచ్చిందంటే పిల్లవానికి కూడికలు రావా, చదవడం రాదా? ఆ అక్షరం ఏమీ చెప్పదు. 'మావాడు ఎట్ల సదువుతాండాడు సారూ?' అని తల్లి అడిగితే, 'ఇంట్లో మీరు చూసుకోవాలమ్మా' అన్న జవాబే వస్తుంది. ఆ కుటుంబానికి అర్థమయ్యే మొదటి సమాచారం పదో తరగతి ఫలితం. అప్పటికి పదేళ్లు గడిచిపోయాయి.

ఫెయిల్ చేస్తే అంతా బాగుపడుతుందనే వాదన ఇక్కడే పుడుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని ఆపకూడదన్నది. 2019 సవరణ 5, 8 తరగతుల్లో, మళ్లీ పరీక్ష పెట్టినా తప్పినవాళ్లను ఆపే వీలు ప్రభుత్వాలకు ఇచ్చింది. నేర్పనిది బడి, శిక్ష పిల్లలకు! ఆపితే ఎక్కువగా పనిలోకి పోయేది ఎవరి పిల్లలో వేరే చెప్పక్కర్లేదు.

చట్టం ఏమంటున్నది?

అదే చట్టం 24వ సెక్షన్ టీచరుకు కొన్ని విధులు పెట్టింది. పిల్లల నేర్చుకునే శక్తిని అంచనా వేసి అవసరమైన అదనపు బోధన చేయాలి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, అభ్యసన శక్తి, ప్రగతి గురించి తెలియజేయాలి. గమనించండి, చట్టం అడిగింది సంతకం కాదు, సమావేశం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశాలు పెట్టింది. మంచిదే. అయితే ఒకరోజు పండుగ ఏడాది సంభాషణ కాలేదు. పగటిపూట పెడితే కూలి పోగొట్టుకునేది ఎవరు?

మనం అడగాల్సింది

సమావేశం సాయంత్రం, దళితవాడలో జరగాలి. వలస పోకముందే ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి పెట్టాలి. గ్రేడు చెప్పడం కాదు, తల్లి ముందు పిల్ల ఒక పేరా చదవాలి, ఒక లెక్క చేయాలి. రానిది ఏమిటో, దాన్ని ఎవరు ఎప్పట్లోగా నేర్పుతారో టీచరు నోటితో చెప్పాలి. 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. దళితుల వంటి వెనకబడ్డ వర్గాలకు దామాషా స్థానం ఉండాలి. ఈ కమిటీలో మనవాళ్లు కూర్చుని అడగాల. అక్షరం రానంత మాత్రాన అడిగే హక్కు పోదు. ఈ మాట వాడవాడకూ చేర్చడం కార్యకర్తల పని.