కార్డు పెడితే కంప్యూటర్‌ మొరాయిస్తోందా?

అబ్బాయి పోరు పడలేక కొత్త గ్రాఫిక్స్‌ కార్డు కొనిచ్చారు. వాడే బిగించి స్విచ్‌ వేశాడు. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి... తెర మీద మాత్రం చీకటే! కార్డు తీసేస్తే మళ్లీ మామూలే. 'వేలకు వేలు బూడిదలో పోశాం' అని నాన్న, 'నేనేం చెయ్యలేదు' అని వాడు. కాస్త ఆగండి. ఇలాంటప్పుడు తప్పు కార్డుదే కానక్కర్లేదు. దుకాణానికి పరుగెత్తే ముందు ఓ అరగంట వెచ్చించి చూడండి.

ముందు కంప్యూటర్‌ వెనక్కి వెళ్లండి. మానిటర్‌ కేబుల్‌ ఇంకా మదర్‌బోర్డుకే ఉందా? కొత్త కార్డుకి మార్చండి. చాలా కంప్యూటర్లు కార్డు పెట్టగానే బొమ్మను దాని నుంచే పంపిస్తాయి.

అయినా రాలేదా? స్విచ్‌ ఆపి, ప్లగ్గు పీకేయండి. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఓసారి తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు సున్నితమైన చిప్‌లను దెబ్బతీయకుండా ఉంటుంది. కార్డు తీసి, స్లాట్‌లో దుమ్ము దులిపి, చివరన ఉన్న క్లిప్పు టక్కుమనేలా మళ్లీ నొక్కండి.

అసలు కిటుకు కరెంటులో ఉంది. స్లాట్‌ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లే. అంతకుమించి కావాల్సిన కార్డులకు అంచున విడిగా సాకెట్‌ ఉంటుంది. 6 పిన్నులదైతే మరో 75, 8 పిన్నులదైతే 150 వాట్లు అందిస్తుంది. ఈ వైరు పెట్టడం మర్చిపోతే బొమ్మ రాదు. అయితే ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల వైరూ ఇలాగే కనిపిస్తుంది. దాని ప్లస్‌, మైనస్‌లు తారుమారుగా ఉంటాయి. బలవంతంగా దూర్చారో, కార్డుకే ముప్పు!

స్విచ్‌ వేయగానే వెలిగి, క్షణంలో ఆరిపోతోందా? పవర్‌ సప్లై సామర్థ్యం చాలడం లేదేమో. కార్డు పెట్టె మీద రాసిన వాట్లతో పోల్చి చూసుకోండి. ఆ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిల్వ ఉంటుంది.

అన్నీ సరిగానే ఉంటే ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లలాంటి బ్యాటరీని అయిదు నిమిషాలు తీసి పెట్టండి. బయోస్‌ సెట్టింగులు మొదటికొస్తాయి.

చివరి పరీక్ష... ఆ కార్డుకు సరిపడే పవర్‌ సప్లై ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో పెట్టి చూడటం. అక్కడ బొమ్మొస్తే లోపం మీ కంప్యూటర్‌లోనే. అక్కడా చీకటేనా? అప్పుడిక బిల్లూ, వారంటీ కాగితం పట్టుకుని బయల్దేరండి. అబ్బాయిని తిట్టకుండానే!