ఒక్క అక్షరం... 159 ప్రాణాలు!

రైలుకి పట్టాలున్నాయి. బస్సుకి రోడ్డుంది. మరి ఆకాశంలో విమానానికి దారేది? కాగితం మీద ఉంటుంది! ఏ దిక్కు నుంచి రావాలి, ఎక్కడ మలుపు తిరగాలి, ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలి... ప్రతి పెద్ద విమానాశ్రయానికీ ఇవన్నీ ముందే పటాలుగా వేసి, పేర్లు పెట్టి ఉంచుతారు. అందుకే కంట్రోలర్ దారంతా వివరించక్కర్లేదు, పేరు చెబితే చాలు. పైలట్ అర్థం చేసుకుంటాడు. ఇద్దరి దగ్గరా ఉన్న సమాచారం ఒకటే అయినంతవరకూ చిక్కులేదు. తేడా వస్తేనే ప్రమాదం.

కొండల మధ్య చీకట్లో...

1995 డిసెంబరు 20 రాత్రి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 విమానం 163 మందితో మయామీ నుంచి కొలంబియాలోని కాలీ నగరానికి వస్తోంది. కిందంతా లోయ, రెండు పక్కలా ఆండీస్ పర్వతాలు. కాలీలో రాడార్ లేదు, 1992లో గెరిల్లాలు దాన్ని ధ్వంసం చేశారు. విమానం ఎక్కడుందో పైలట్లు చెబితేనే కంట్రోలర్‌కి తెలుస్తుంది.

అప్పటికే రెండు గంటల ఆలస్యం. చుట్టూ తిరగకుండా నేరుగా దిగుతారా అని కంట్రోలర్ అడిగాడు. పైలట్లు సరేనన్నారు. ఆ దారి పేరు ‘రోజో’. అక్కడున్న రేడియో బీకన్‌కి పటంలో గుర్తు ‘ఆర్’. కంప్యూటర్లో అదే అక్షరం కొట్టారు. కానీ కంప్యూటర్ లెక్కలో ‘ఆర్’ అంటే రోజో కాదు, ఎక్కడో బొగోటా దగ్గరున్న ‘రోమియో’! రోజో కావాలంటే పేరు పూర్తిగా కొట్టాలి. ఆ సంగతి పటంలో లేదు. విమానం ఎడమవైపు కొండల మీదికి తిరిగింది. పొరపాటు గమనించి వెనక్కి మళ్లేసరికి ఆలస్యమైపోయింది. 159 మంది చనిపోయారు. నలుగురే బతికారు.

పైలట్లు అడుగుతున్నది పొంతన లేకుండా ఉందని కంట్రోలర్‌కి అప్పుడే అనిపించిందట. అయితే గట్టిగా ఆరా తీయడానికి తన ఇంగ్లిష్ సరిపోలేదని దర్యాప్తులో చెప్పాడు. తప్పు ఎవరిది? 2000లో మయామీలో జ్యూరీ 75 శాతం బాధ్యత విమాన సంస్థ మీద, 17 శాతం పటాలూ డేటా ఇచ్చిన జెప్పెసెన్ మీద, 8 శాతం కంప్యూటర్ తయారుచేసిన హనీవెల్ మీద వేసింది.

28 రోజులకోసారి

దారులు మారుతూనే ఉంటాయి. అందుకే ప్రపంచమంతా ఒక పద్ధతి పాటిస్తోంది. ముఖ్యమైన మార్పులు 28 రోజులకోసారి, అదీ గురువారం నాడే అమల్లోకి వస్తాయి. శంషాబాద్ అయినా, లండన్ అయినా ఇదే లెక్క. ఆ రోజుకల్లా పైలట్ పటం, విమానంలోని కంప్యూటర్, కంట్రోలర్ దగ్గరి కాగితం... మూడూ మారిపోవాలి. ఒక్కటి పాతదైనా కంట్రోలర్ చెప్పే దారి పైలట్‌కి కనిపించదు. లేదా పేరు అదే ఉండి ఎత్తు మారిపోతుంది. కనిపించకపోతే పైలట్ అడుగుతాడు, ఫర్వాలేదు. కనిపించీ వేరేదైతేనే ముప్పు.

కాలీ ప్రమాదం తర్వాత, ముందున్న కొండని పటంలో చూసి హెచ్చరించే పరికరాలు విమానాల్లోకి వచ్చాయి. అయినా అన్నిటికన్నా చవకైన రక్షణ ఒకటుంది. అనుమానం వస్తే ముందుకెళ్లకుండా, మొహమాటపడకుండా మళ్లీ అడగడం!