సముద్రం పక్కన ఇల్లు: భీమిలి వైపు మారే ముందు ఈ లెక్కలు వేసుకోండి

ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటి భీమిలి దాకా వెళ్లొచ్చిన చాలా ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర ఒకే మాట వినిపిస్తుంది. "ఇక్కడే ఒక ఇల్లుంటే ఎంత బాగుండు!" విశాఖ వన్‌టౌన్, అల్లిపురం, అక్కయ్యపాలెం సందుల్లో రెండు గదుల అద్దె ఇంట్లో ఆరుగురు సర్దుకుంటున్న కుటుంబానికి ఆ మాట రావడంలో తప్పేమీ లేదు. మర్నాడు ఎవరో ఏజెంట్ ఫోన్ చేసి "సముద్రం కనిపించే ప్లాటు, ఈ నెలే ఆఫర్" అంటాడు. అక్కడి నుంచి కథ మొదలవుతుంది.

అయితే ఆదివారం చూసిన భీమిలి వేరు, సోమవారం ఉదయం ఏడు గంటలకు అక్కడి నుంచి జగదాంబ సెంటర్‌కి బయలుదేరే మనిషి చూసే భీమిలి వేరు. మారాలా వద్దా అన్నది సముద్రాన్ని చూసి తేల్చుకునే విషయం కాదు. దారి, నీళ్లు, కాగితాలు, మనవాళ్లు, ఈ నాలుగూ చూసి తేల్చుకోవాలి.

భీమిలిలో ఏముంది?

భీమునిపట్నం నిన్న మొన్న పుట్టిన కాలనీ కాదు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి కాలం నాటి సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఇది జీవీఎంసీలో భాగం. విశాఖ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. రావడానికి రెండు దారులు. ఒకటి రుషికొండ, మంగమారిపేట మీదుగా బీచ్ రోడ్డు. రెండోది మధురవాడ, ఆనందపురం మీదుగా జాతీయ రహదారి.

లాభాలు నిజమైనవే. అదే అద్దెకు సిటీలో కంటే పెద్ద ఇల్లు దొరుకుతుంది. పిల్లలు ఆడుకోవడానికి చోటుంటుంది. ఫ్యాక్టరీల పొగ, మార్కెట్ గోల ఉండవు. రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లోనో కాలేజీల్లోనో పనిచేసేవాళ్లకు భీమిలి దూరం కూడా కాదు. సిటీలో ఉండి రోజూ ట్రాఫిక్‌లో అటు వెళ్లడం కంటే, ఇటు నుంచి వెళ్లడమే సుఖం. విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం రావడంతో ఈ వైపు భూములకు గిరాకీ కూడా వచ్చింది.

కానీ మీ పని ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. పోర్టులోనో, పూర్ణామార్కెట్ దుకాణంలోనో అయితే రోజూ సిటీ మధ్యకు రావాలి. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు అయితే సిటీని పూర్తిగా దాటాలి, అంటే ఒక వైపే 40 కిలోమీటర్లకు పైన. అలాంటివాళ్లు అక్కడితోనే ఆలోచన ఆపేయడం మంచిది.

అద్దె మిగిలింది, మరి టైమ్?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక కుటుంబం ఇప్పుడు అల్లిపురంలో నెలకు 14,000 అద్దె కడుతోంది అనుకోండి. భీమిలిలో అలాంటి ఇల్లే 8,000కి దొరికింది. నెలకు 6,000 మిగులు. వినడానికి బాగుంది.

ఇంటి పెద్ద జగదాంబ దగ్గర దుకాణంలో పనిచేస్తాడు. ఇప్పుడు నడిచే వెళ్తున్నాడు. భీమిలికి మారితే రోజుకు రానూపోనూ 50 కిలోమీటర్లు, నెలలో 25 రోజులకు 1,250 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి అయినా సుమారు 28 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలు వేసుకుంటే దాదాపు 3,000. టైర్లు, ఆయిల్, సర్వీసింగ్‌కి నెలకు ఒక 500. అంటే 6,000లో మిగిలేది 2,500.

ఇక టైమ్. వెళ్లడానికి గంట, రావడానికి గంట. నెలకు 50 గంటలు. 2,500ని 50తో భాగిస్తే గంటకు 50 రూపాయలు. పిల్లలతో గడపాల్సిన గంటను, విశ్రాంతి తీసుకోవాల్సిన గంటను 50 రూపాయలకు ఇచ్చేసినట్టు. అదే కారులో వెళ్తే, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున పెట్రోలుకే 9,000 దాటుతుంది. మిగులు పోయి చేతి నుంచే పడుతుంది.

ఈ అంకెలు మీ ఇంటివి కాకపోవచ్చు. మీ అద్దె, మీ బండి, మీ దూరం పెట్టి మీరే వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

ఆడవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు లాంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. కాలేజీకి వెళ్లే అమ్మాయికో, టీచర్‌గా పనిచేసే కోడలికో ఇది పెద్ద ఆదా. అయితే టికెట్ లేనంత మాత్రాన బస్సు మీ టైమ్‌కి వస్తుందని కాదు. రాత్రి ఎనిమిది తర్వాత మీ వీధి మొదటికి ఎన్ని బస్సులు వస్తాయో స్టాపులో నిలబడి చూడండి. ఏజెంట్ మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఉప్పుగాలి ఇంటిని తింటుంది

సముద్రపు గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. అది కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఇనుప చువ్వను పడుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. అప్పుడు స్లాబు పగిలి పెచ్చులు ఊడతాయి. తీరంలోని పాత ఇళ్లలో బాల్కనీ కింద చువ్వలు బయటపడి కనిపించేది ఇందుకే.

కాంక్రీటు పనికి దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం తీరప్రాంత వాతావరణాన్ని తీవ్రమైనదిగా లెక్కేస్తారు. అక్కడ కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు వాడాలి, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. మామూలు ఇళ్లకు వాడే ఎం20 ఇక్కడ చాలదు. ఫ్లాట్ కొనేవాళ్లు బిల్డర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న టైల్స్ గురించి కాదు, దీని గురించే. అద్దెకు వెళ్లేవాళ్లు సీలింగ్ మూలలు, బాత్రూమ్ పైభాగం, బాల్కనీ కింద ఒకసారి తల ఎత్తి చూసుకోవాలి.

ఇంట్లో సామాను సంగతీ అంతే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కిటికీ గ్రిల్స్, తలుపు బందులు, బండి సైలెన్సరు, అన్నీ సిటీలో కంటే ముందే తుప్పు పడతాయి. ఏటా కొంత మరమ్మతు ఖర్చు పక్కన పెట్టుకోవాలి.

నీళ్లు, తుపాను

తీరానికి దగ్గరగా బోర్లు ఎక్కువ తోడితే భూమిలోని మంచినీటి స్థానంలోకి ఉప్పునీరు చేరుతుంది. వర్షాకాలంలో తియ్యగా ఉన్న బోరు మే నెలలో ఉప్పగా మారవచ్చు. అందుకే ఇల్లు చూడటానికి ఎండాకాలంలో వెళ్లండి. చిన్న టీడీఎస్ మీటరు తీసుకెళ్లండి. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే దిక్కు లేకపోతే 2,000 వరకు అనుమతి ఉంది. అది దాటితే వజూ చేసుకోవడానికి, బట్టలకు సరే, వంటకు నీళ్లు కొనుక్కోవాల్సిందే.

తుపాను సంగతి విశాఖవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ప్రతి ఇంటికీ గుర్తే. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్‌కి క్యూలు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి ఆ గాలి అడ్డు లేకుండా నేరుగా తగులుతుంది. రేకుల షెడ్డు, అద్దాల బాల్కనీ ఉన్న ఇల్లు చూసేటప్పుడు ఆ రోజును ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు?

ఇల్లు మారేటప్పుడు సాధారణంగా సంపాదించేవాళ్ల మాటే నడుస్తుంది. కానీ వాళ్లు పగలు ఇంట్లో ఉండరు. ఉండేది అమ్మీ, దాదీ, చిన్నపిల్లలు. కొత్త చోట రోజంతా గడపాల్సింది వాళ్లే. అందుకే వాళ్ల మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

వన్‌టౌన్‌లోనో అల్లిపురంలోనో ఉన్నప్పుడు కొన్ని ఉన్నట్టే తెలియవు. అజాన్ వినిపించే దూరంలో మస్జిద్, అస్ర్ తర్వాత పిల్లలు నడిచి వెళ్లే మక్తబ్, నమ్మకమైన హలాల్ మాంసం కొట్టు, జ్వరం వస్తే గిన్నెతో గంజి పట్టుకొచ్చే ఖాలా. దూరం వెళ్లాకే వీటి విలువ తెలుస్తుంది. కాబట్టి ఇల్లు నచ్చాక రెండు పనులు చేయండి. ఒక రోజు ఫజర్‌కి ఆ ఇంటి దగ్గర నుంచి అతి దగ్గరి మస్జిద్‌కి నడిచి చూడండి. తర్వాత జుమా నమాజుకి అక్కడికే వెళ్లి జమాత్ పెద్దల్ని కలవండి. మక్తబ్ నడుస్తోందా, ఖబరస్తాన్ ఎక్కడ ఉంది, కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎన్ని, ఇవన్నీ అడగండి. ఖబరస్తాన్ గురించి అడగడానికి మొహమాటపడే విషయం కాదు. అవసరం వచ్చిన రోజు అడగడం కంటే ముందే తెలిసి ఉండటం మేలు.

రమజాన్ కూడా గుర్తు పెట్టుకోండి. ఆ నెలలో దుకాణాలు రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. రాత్రి పన్నెండుకి షట్టర్ దించి ఒంటిగంటకు భీమిలి చేరి మళ్లీ సహరీకి లేచే మనిషి, ముప్పై రోజులు అలా చేయగలడా?

ఇంట్లో గుండె జబ్బు, డయాలసిస్ ఉన్న పెద్దవాళ్లుంటే ఆసుపత్రి దూరమే అన్నిటికంటే ముందు. కేజీహెచ్ సిటీలో ఉంది. విమ్స్ హనుమంతవాక దగ్గర హైవే మీద ఉంది. అర్ధరాత్రి ఆటో దొరకని చోట ఇల్లు తీసుకుంటే, బండి నడిపేవాళ్లు ఒక్కరైనా రాత్రి ఇంట్లో ఉండాలి.

లోన్ వద్దనుకునేవాళ్లు రెట్టింపు జాగ్రత్త

మన ఇళ్లలో చాలామంది వడ్డీకి దూరంగా ఉండాలని బ్యాంకు లోన్ తీసుకోరు. నగలమ్మి, గల్ఫ్ సంపాదన పోగేసి, చేతి డబ్బుతో కొంటారు. ఇందులో ఒక చిక్కుంది. లోన్ తీసుకుంటే బ్యాంకు వకీలు పాత లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేసి, తేడా ఉంటే అక్కడే ఆపేస్తాడు. చేతి డబ్బుతో కొనేవాళ్లకు ఆ ఆపేవాడు ఉండడు. అందుకే "పూర్తి డబ్బు ఒకేసారి ఇస్తే గజానికి ఇంత తగ్గింపు" అనే ప్రీ లాంచ్ ఆఫర్లకు ఎక్కువగా చిక్కేది వాళ్లే. బయానా ఇచ్చే ముందే సొంత ఖర్చుతో ఒక మంచి వకీలుకి కాగితాలు చూపించండి. వడ్డీ కట్టకుండా మిగిలినదాంట్లో అది చాలా చిన్న మొత్తం.

కనీసం ఇవి చూడాలి:

– రెరా: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడం చట్టవిరుద్ధం.

– 22ఎ జాబితా: ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ భూములతో పాటు వక్ఫ్ భూములు కూడా ఈ నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరుతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. తెలియక వక్ఫ్ స్థలం కొంటే డబ్బూ పోతుంది, ఖబరస్తాన్‌కో మస్జిద్‌కో చెందాల్సిన భూమి మీద ఇల్లు కట్టుకున్నామన్న బాధా మిగులుతుంది.

– ఈసీ, లేఅవుట్: ఈసీ మీరే తీయించుకోండి. వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ఎల్‌పీ నంబరు నిజమైనదో కాదో ఆఫీసులో సరిచూసుకోండి.

– సీఆర్‌జెడ్: సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. జనసాంద్రత తక్కువ ఉన్న తీర గ్రామాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇంటికి అనుమతి ఉండదు. "సముద్రం కనిపించే ప్లాటు" అన్నప్పుడు ఎన్ని మీటర్లో అడగండి. గోస్తనీ ముఖం దగ్గరా ఈ నిబంధనలు ఉంటాయి.

– రక్షణ, వారసత్వ ప్రాంతాలు: దారిలో ఐఎన్ఎస్ కళింగ ఉంది, భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిన ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వీటి దగ్గరి స్థలాలకు ఇల్లు కట్టే అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు.

మరి ఎవరికి సరిపోతుంది?

పని రుషికొండ, మధురవాడ, తగరపువలస వైపు ఉన్నవాళ్లకు, ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు, రిటైరై ఆరోగ్యంగా ఉన్న దంపతులకు భీమిలి మంచి చోటే. రోజూ సిటీ మధ్యకు రావాల్సినవాళ్లకు, మంచాన పడ్డ పెద్దలున్న ఇళ్లకు, బంధువుల సాయంతో పిల్లల్ని పెంచుకుంటున్న తల్లులకు కష్టమే.

ఎటూ తేలకపోతే కొనకండి, ఏడాది అద్దెకు ఉండి చూడండి. ఆ ఏడాదిలో ఒక మే నెల ఎండ, ఒక అక్టోబర్ తుపాను కాలం, ఒక రమజాన్ వస్తాయి. ఈ మూడూ దాటాక కూడా ఇంట్లో అందరూ, ముఖ్యంగా పగలు ఇంట్లో ఉండేవాళ్లు, "ఇక్కడే ఉందాం" అంటే అప్పుడు ధైర్యంగా కొనండి. ఏడాదిలో ధర పెరిగిపోతుందని ఏజెంట్ భయపెట్టవచ్చు. పెరిగితే కొంచెం ఎక్కువ ఇస్తారు, అంతే. తొందరపడి తప్పు చోట కొంటే పోయేది జీవితమంతా కూడబెట్టిన సొమ్ము.